చేతులు దాచుకున్న పిల్ల

క్రోసూరులో మిరపకాయలు ఆరబోతకు కళ్ళాలకు చేరిన నాటి నుంచి ఊరంతా దగ్గుతూ ఉంటుంది. అలవాటైపోవడం వల్ల ఆ దగ్గు ఎవరి చెవికీ వినబడదు. నరసరావుపేట నుంచి వచ్చి బస్సు దిగిన నేను తుమ్మడం మొదలుపెట్టగానే, నన్ను తీసుకువెళ్ళడానికి వచ్చిన సాంబశివరావు నాకు పడిశం పట్టిందేమోనని కంగారుపడ్డాడు.

సాంబశివరావు ఒకప్పుడు నా నర్సరీ తరగతిలో పలక పట్టుకుని కూర్చున్నవాడు. ఇప్పుడు అతనికి మిరపతోటలున్నాయి, ఊరి చివర పెద్ద కళ్ళం ఉంది, తండ్రి పేరు మీద నడిపే చిన్న బడి ఉంది. ఆ బడికి అతనే కరెస్పాండెంటు. నన్ను ఫోన్ చేసి రప్పించింది ఆ బడిలోని ఒక పిల్ల విషయమై.

పిల్ల పేరు ధరణి. నాలుగేళ్ళు నిండాయి. తల్లిదండ్రులు వెల్దుర్తి వైపు మెట్ట ఊరి నుంచి కూలికి వచ్చి, సాంబశివరావు కళ్ళంలోనే రేకుల గదిలో ఏడాది పొడుగునా ఉండిపోయినవాళ్ళు. పిల్లను ఫీజు లేకుండా చేర్చుకున్నది అతనే. ఆ మంచితనాన్ని నేను కాదనను. అయితే ఎల్‌కేజీ చూసే హిమజ అనే యువతి, ఈ పిల్ల బలపం పట్టదనీ, తోటివాళ్ళతో కలవదనీ, పెదవి విప్పదనీ, బుద్ధి ఎదగలేదనీ రిపోర్టు రాసింది. అటువంటి పిల్లల కోసం గుంటూరులో నడిచే ఒక హాస్టలులో సాంబశివరావు తన ఖర్చుతో సీటు మాట్లాడాడు. చిన్నపిల్లలతో అనుభవమున్న టీచరు ఎవరైనా తమ అభిప్రాయం రాసి ఇస్తే వచ్చే నెలలోనే చేర్చుకుంటామని వాళ్ళు చెప్పారట.

"రెండు ముక్కలు రాసి సంతకం పెట్టండి టీచరమ్మా. సాయంత్రం బస్సు నేనే ఎక్కిస్తా," అన్నాడు.

చూడని పిల్ల మీద సంతకం పెట్టనని చెప్పాను. వారం రోజులు తరగతిలో కూర్చుంటానన్నాను. అతను నవ్వి, నర్సరీలో తాను ఒంటేలుకు వెళ్ళొస్తానన్నా సరే నేను ఇట్లాగే విచారణ జరిపేదాన్నని తన భార్యకు చెప్పాడు. విచారణ జరపకపోతే నువ్వు గోడ దూకి గోళీలాటకు పోయేవాడివని నేను జవాబిచ్చాను.

నేను చదివింది గుంటూరు కాన్వెంటులో. చిన్నపిల్లల టీచరుగా తర్ఫీదు పొందిందీ అక్కడే. మాకు పాఠం చెప్పిన సిస్టరు ఒక పద్ధతి నేర్పారు. కాగితానికి మధ్యలో నిలువుగా గీత గీయాలి. ఎడమ భాగం కంటిది, కుడి భాగం మనసుది. పిల్ల చేసినది ఎడమవైపు. దాన్ని గురించి మనం అనుకున్నది కుడివైపు. ఎడమవైపు ఖాళీగా ఉండి కుడివైపు నిండిన కాగితాన్ని ఆమె చదవకుండానే తిరిగి ఇచ్చేసేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి వదిలాక ఆ గీతకు అటూ ఇటూ రాస్తూ ఉండేదాన్ని. రిటైరైన తరువాత మానేశాను. చూడటానికి పిల్లలు లేరు. టీచర్లు రాసే పనీ పోయింది. ఫోనులో పిల్ల పేరు ఎదురుగా నక్షత్రాలు నొక్కితే చాలునట. రోజుకు రెండు పూటలా మాత్రలు మింగే ముసలిదానికి రాత ఎందుకని నేనూ ఊరుకున్నాను.

మొదటి రోజు తరగతిలో వెనక కూర్చుని, గీత గీసి, చాలా కాలానికి మళ్ళీ కలం విప్పాను. కలం తిన్నగా కుడివైపుకు పోయి 'మొండి' అని రాసింది. చూసి నాకే సిగ్గేసింది. కొట్టివేసి, ఎడమవైపుకు వచ్చి, చూడటం మొదలుపెట్టాను.

పిల్ల గోడకు ఆనుకుని కూర్చుంది. రెండు చేతులూ గౌను మడతల్లో దాచుకుంది. తలుపును భుజంతో తోసింది. కుళాయిని మోచేత్తో తిప్పింది. మధ్యాహ్నం పిల్లలంతా చేతులతో కలుపుకుని తింటుంటే, తాను మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్న చెంచాతో తిన్నది. అందుకు వాళ్ళు పెట్టిన పేరు దొరసాని. "దొరసానమ్మా, నీ బంట్రోతు ఏడే?" అని ఒకడు అడిగాడు. ఇంట్లో పెద్దలు అన్న మాటే అయివుంటుంది. ఆమె వాడి వంక చూసి, చెంచా నోట్లో పెట్టుకుని, నింపాదిగా నమిలింది.

ఆటల వేళ ఇసుకలో ఆమె కాలి బొటనవేలితో గుండ్రంగా గీసింది. హిమజ నా చెవిలో, "చూశారా మేడం, కాళ్ళతో గీస్తది. నేను రాసింది ఇదే," అన్నది. నేను ఆ గీతనే చూస్తున్నాను. నాలుగేళ్ళ పిల్లలు చేత్తో గీసిన సున్నాలు కూడా తరచుగా మూతపడవు. మొదలుపెట్టిన చోటు మరిచిపోయి ఎటో పోతారు. ఈ పిల్ల బొటనవేలు బయలుదేరిన చోటికి సరిగ్గా తిరిగి వచ్చింది. ఆపైన లోపల ఇంకొక చిన్న సున్నా, దానిలో ఇంకొకటి. ఒంటికాలి మీద నిలబడి, ఎక్కడా తూలకుండా గీసింది. నా వయసులో ఒళ్ళు గగుర్పొడవడం తక్కువ. అప్పుడు గగుర్పొడిచింది.

కాసేపటికి సాయి కిరణ్ అనే పిల్లవాడు జారుడుబల్ల దగ్గర పడి ఏడుపు మొదలుపెట్టాడు. వాడు రోజూ ఏడుస్తాడట. అందువల్ల ఎవరూ కదలలేదు. ధరణి లేచి వెళ్ళి, వాడి ఎదుట గొంతుక్కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, వాడి ముఖం మీద మెల్లగా ఊదింది. ఒక కంటి మీద, ఆపైన రెండో కంటి మీద. వాడు ఏడుపు ఆపి, వింతగా చూసి, ఇంకోసారి ఊదమని ముఖం చాపాడు. అదంతా ఎడమవైపు రాశాను. కుడివైపు రాయడానికి నాకేమీ తోచలేదు. అయినా ఆ ఖాళీ నన్ను బాధించలేదు. ఏళ్ళ తరబడి మూతపడి ఉన్న గదిలో ఎవరో కిటికీ తెరిచినట్టుగా ఉంది.

మరి రెండు రోజులు ఇట్లాగే గడిచాయి. సాయంకాలం ఆ కాగితాలు హిమజకు చూపించేదాన్ని. ఆమె చెడ్డ పిల్ల కాదు. ముప్పైమందిని ఒక్కతే చూస్తుంది. ఆమె అనుమానానికి ఒక ఆధారం ఉంది. మన వైపు అక్షరం దిద్దించడమంటే చెయ్యి పట్టి దిద్దించడమే. తల్లిదండ్రులు గురువు చేతిలో మొదట పెట్టేది పిల్ల చెయ్యి. ధరణి ఆ చెయ్యి ఇవ్వదు. పట్టుకోబోతే కేకలు పెట్టి గుంజుకుంటుంది. "చెయ్యే ఇయ్యని పిల్లకి చదువెట్టా వస్తది మేడం?" అని హిమజ అడిగింది. సాంబశివరావు కూడా అదే మాట అన్నాడు. అతని తండ్రి ఉంటే ఆయనా అదే అనేవాడు.

నాలుగో రోజు నేనే ధరణి పక్కన చాప మీద కూర్చున్నాను. పలక ఒడిలో పెట్టుకుని, భయపెట్టకుండా కబుర్లు చెబుతూ, గౌను మడతల్లోంచి ఆమె కుడిచేతిని బయటకు తీసి నా చేతిలోకి తీసుకున్నాను. కేక పెట్టలేదు. బహుశా నా తెల్లజుట్టు చూసి మర్యాద చేసింది. ఒళ్ళు మాత్రం కర్రలా బిగిసింది. ఆమె కళ్ళు పలక మీద లేవు, నా వేళ్ళ మీద ఉన్నాయి. ఇద్దరం కలిసి 'అ' దిద్దాము. చెమట పట్టి కళ్ళజోడు జారితే, దాన్ని తీసి కన్ను తుడుచుకున్నాను.

కంట్లో నిప్పు పడినట్టయింది. వంటింట్లో కారం తగిలిన మంట నాకు తెలుసు; ఇది వేరు. లోకం ఎర్రబడింది. హిమజ నీళ్ళ కోసం పరుగెత్తింది. నేను కొంగుతో కన్ను రుద్దుకోబోతుంటే, అంతవరకు ఆ బడిలో ఎవరూ వినని గొంతు నా ముఖానికి దగ్గరగా వినబడింది.

"రుద్దొద్దు అవ్వా. రుద్దితే ఎక్కువయిద్ది."

తరువాత నా కంటి మీద చల్లగా గాలి తగిలింది. ఆమె ఊదుతున్నది. ఆగి ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఊదుతున్నది. మంట కాస్త తగ్గి కన్ను తెరవగలిగినప్పుడు, చేతులు వెనక్కి కట్టుకుని నన్ను పరీక్షగా చూస్తున్న ముఖం కనిపించింది. కోపం లేదు, జాలి ఉంది.

"అందుకే గదా నేను చెయ్యి ఇయ్యంది," అన్నది.

మరునాడు పొద్దున్నే, బడి వేళ కాకముందు, నేను కళ్ళానికి వెళ్ళాను. చూపు ఆనినంత మేర నేల కనబడలేదు, అంతా ఎరుపే. ఆడవాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని, గోతాల మీద వరుసగా కూర్చుని, కాయల తొడిమలు తుంచుతున్నారు. వాళ్ళ మధ్య ధరణి ఉంది. ఆ వేళ్ళు పని చేస్తుంటే చూడాలి. బలపం పట్టలేవని రిపోర్టు రాసిన వేళ్ళవి. కాయ తీసుకోవడం, తొడిమ తుంచడం, కుప్పలో వేయడం కంటికి ఆనడం లేదు. ఆమె పక్కన ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలున్నారు.

ట్రాక్టరు ట్రక్కుకు కట్టిన చీర ఉయ్యాలలో ఆమె తమ్ముడు నిద్ర లేచి ఏడ్చాడు. వాడి కంటి మీద ఈగ వాలింది. ధరణి లేచి, చేతులు ఒంటికి దూరంగా రెక్కల్లా ఎత్తిపట్టుకుని వెళ్ళి, ఊది ఈగను తోలింది. వాడి ముక్కును తన మోచేతి పైభాగంతో తుడిచింది. పాదంతో ఉయ్యాలను నెట్టింది. నేను ఆ ఎర్రని నేల అంచున అట్లాగే నిలబడిపోయాను. కాన్వెంటు ప్రార్థనా మందిరంలో కూడా నేను అంత నిశ్శబ్దంగా నిలబడిన గుర్తు లేదు.

తల్లి ప్రేమమ్మ ముక్కుగుడ్డ కిందికి లాగి నా దగ్గరకు వచ్చింది. పిల్ల ఏదైనా తప్పు చేసిందా అని అడిగింది. నేను చేతుల సంగతి అడిగాను.

"పోయినేడు చిన్నోడు పాకేటప్పుడు వాడి కంట్లో ఏలు పెట్టిందమ్మా, ముద్దు చెయ్యబోయి. పొద్దుగూకిందాకా ఏడిచాడు. నేనేం కొట్టలా, తిట్టలా. ఆ రోజు నుంచి అదే ఎవుర్నీ ముట్టుకోదు. వాణ్ణే కాదు, నన్ను గూడా. రేత్తిరి పక్కలో పడుకుంటే చేతులు అటు పెట్టి పడుకుంటది."

ఎవరూ చెప్పలేదు. ఎవరూ దండించలేదు. ఒక్క రోజు, ఒక్క ఏడుపు; దాని నుంచి ఆ పసిది తనకు తానే ఒక ధర్మం రాసుకుని, తమ్ముడికీ, తల్లికీ, బడిలో తనను దొరసాని అని వెక్కిరించేవాళ్ళకూ సమానంగా వర్తింపజేసింది. నేను ఎంతోమంది పిల్లలకు పంచుకోవడం నేర్పాను, కొట్టుకోకూడదని నేర్పాను, తల్లిదండ్రుల చేత దండలు వేయించుకున్నాను. ఇది నేర్పడం నాకు చేతకాదు. నేర్చుకోవడం చేతనవుతుందో లేదో తెలియదు.

హాస్టలు సంగతి ప్రేమమ్మకు ఎంతవరకు తెలుసునని అడిగాను. పెద్ద చదువు కోసం అయ్యగారు గుంటూరు పంపిస్తున్నారని ఆమె సంతోషంగా ఉంది. అది ఎటువంటి పిల్లల హాస్టలో ఎవరూ ఆమెకు చెప్పలేదు. నేను చెప్పాను. కుదువబెట్టిన వస్తువు పోయిందని విన్నదానిలా ఆమె నిలబడిపోయింది. తరువాత నేను చేయదలచినదీ చెప్పాను: ధరణి చేతులు ఎందుకు దాచుకుంటుందో రాస్తాను, రాస్తే కళ్ళం సంగతి రాయాలి, పసిపిల్లల చేత తొడిమలు తుంచిస్తున్న సంగతి రాయాలి, అప్పుడు వాళ్ళ పనికి ముప్పు రావచ్చు. కాబట్టి ఆమె వద్దంటే రాయను.

ఆమె చాలాసేపు ధరణి వైపు చూసింది.

"రాయకపోతే ఏమయిద్ది?"

"బుద్ధి లేని పిల్ల అని కాగితంలో ఉంటుంది."

"ఆ కాయితం ఎల్లకాలం ఉంటది గదమ్మా. కూలిదేముంది, ఈ కళ్ళం కాకపోతే ఇంకో కళ్ళం. రాయండి."

ఆ పగలంతా బడిలో ఒక మూల కూర్చుని రాశాను. గీతకు ఎడమవైపు ఇసుకలో సున్నాలు, సాయి కిరణ్ కళ్ళు, నా కన్ను, కళ్ళం, ఉయ్యాల. కుడివైపు, ఈ పిల్లకు లోపం లేదని. లోపం ఎక్కడుందో కళ్ళంలో చూడవచ్చునని. సాయంకాలం ఆఫీసు గదిలో సాంబశివరావుకు ఇచ్చాను. హిమజ కూడా ఉంది.

అతను నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తిచేశాడు.

"కళ్ళం మాట ఎందుకు టీచరమ్మా ఇందులో?"

"కళ్ళంలో చూశాను గనుక."

"తల్లి పక్కన కూర్చోబెట్టుకుంటే నేనేం చేసేది? అన్ని కళ్ళాల్లో అంతే గదా. నేను ఫీజు లేకుండా చేర్చుకుంది మర్చిపోయారా ఏంది?" కాగితాన్ని నా వైపు తిప్పి వేలు పెట్టాడు. "ఈ ఒక్క పేరా తీసెయ్యండి. పిల్లని ఎక్కడికీ పంపను. మీ మాటే నెగ్గినట్టు గదా?"

నేను ఆ ఊరికి ఏ పని మీద వచ్చానో ఆ పని అతని వేలి కింద ఉంది. ఒక్క పేరా కొట్టేస్తే ధరణి తల్లి దగ్గరే ఉంటుంది. కాదంటే కాగితం చించి, సంతకం ఇంకొకరి చేత పెట్టించుకోగలడు.

"కారణం కొట్టేస్తే మిగిలేది మళ్ళీ మొండి పిల్లేరా," అన్నాను. "ఈ ఏడు నువ్వు దయతలచి ఉంచుతావు. వచ్చే ఏడు ఇంకో టీచరు ఇదే రిపోర్టు రాస్తుంది. నేను చూసినదాన్ని కొట్టేసే హక్కు నాకు లేదు. ఆ పిల్ల నన్ను నమ్మి మాట్లాడింది."

అప్పుడు హిమజ బల్ల దగ్గరకు వచ్చి కలం తీసుకుంది.

"నా రిపోర్టు తప్పు సార్. చూడకుండా రాశా. దీని కింద నేనూ సంతకం పెడతా."

"ఉద్యోగం చెయ్యాలని లేదా ఏందమ్మా నీకు?"

"ఉంది సార్. ఇక్కడే చెయ్యాలని ఉంది."

ఆమె సంతకం పెట్టింది. సాంబశివరావు కాగితాలను మళ్ళీ తీసి, ఏదో వెతికి, ఒక చోట ఆగాడు. తలెత్తినప్పుడు అతని ముఖంలో నర్సరీ పిల్లవాడు తొంగిచూశాడు.

"నిజంగానే ఊదిందా టీచరమ్మా? మీ కంట్లో?"

"ఊదింది."

"మీరు బలవంతాన చెయ్యి పట్టుకున్నాక గూడా?"

"ఆ తరువాతే."

అతను కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. ఆపైన కళ్ళం మేస్త్రికి ఫోన్ చేసి, రేపటి నుంచి పిల్లకాయలెవరూ కాయల దగ్గర కనబడకూడదనీ, అవతలి రేకుల షెడ్డు ఖాళీ చేసి పసివాళ్ళను అక్కడ ఉంచి ఒక మనిషిని కూర్చోబెట్టాలనీ చెప్పాడు. మేస్త్రి ఏదో అడిగాడు. "ఒరేయ్, చెప్పింది చెయ్యి," అని ఫోన్ పెట్టేశాడు. ప్రేమమ్మ పని ఎప్పటిలాగే సాగుతుందని రాసి ఇమ్మని నేను అడిగాను. తన మాట చాలదా అన్నాడు. చాలదన్నాను. దస్తూరి బాగాలేదని మార్కులు తగ్గించవద్దని గొణుగుతూ రాసి ఇచ్చాడు. ఇది దయ కాదు, బాకీ తీర్చడమని అప్పుడే చెప్పాలనుకున్నాను. అతను కళ్ళు తుడుచుకుంటున్నాడని చూసి, రేపు చెప్పవచ్చునని ఆగాను. మరునాడు చెప్పాను.

వారం అనుకున్నది నెలలయింది. పొద్దున హిమజ కొబ్బరినూనె రాసి, సున్నిపిండితో ధరణి చేతులు రుద్ది కడుగుతుంది. పిల్ల ఎదురు చెప్పదు. కడిగించుకుని, ఆరాక మళ్ళీ గౌను మడతల్లో పెట్టుకుంటుంది. ఇప్పుడు కారం లేదని ఎంత చెప్పినా వింటుంది, నవ్వుతుంది, నమ్మదు. నేను వెనక కూర్చుని రాస్తూనే ఉన్నాను. హిమజ కూడా తన కాగితం మీద గీత గీయడం మొదలుపెట్టింది.

ఒకనాటి సాయంకాలం బడి వదిలే ముందు ధరణి కిటికీ దగ్గర ఒంటరిగా కూర్చుంది. కుడిచేతిని బయటకు తీసి, అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చూపుడువేలును నాలుకకు ఆనించింది. కాసేపు ఆగి, కళ్ళు మూసుకుని, ఆ వేలిని తన కంటి రెప్ప మీద పెట్టుకుంది. హిమజ లేవబోతే నేను చెయ్యి పట్టి ఆపాను. పిల్ల కదలకుండా కూర్చుంది. మంట కోసం ఎదురుచూస్తున్నది. మంట రాలేదు. కళ్ళు తెరిచి, రెండో చేతితో రెండో కన్నును కూడా అట్లాగే పరీక్షించింది. ఎవరికైనా ఇచ్చే ముందు ఆ చేతిని తన కంటి మీద తూచుకుంటున్నది.

ప్రేమమ్మ పనిలోంచి తిన్నగా వచ్చి గుమ్మంలో నిలబడింది. చీర నిండా ఎర్రని ధూళి. పిల్ల ఎదురొస్తుంటే, అలవాటు ప్రకారం తన కారం చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది. ధరణి ఆమె ముందు ఆగి, మునివేళ్ళ మీద నిలబడి, తల్లి చెంపకు చెయ్యి చాపింది. ప్రేమమ్మ వెనక్కి జరిగింది.

"మంట లేదమ్మా," అన్నది ధరణి. "చూశా."

ప్రేమమ్మ చేతులు వెనక్కే పెట్టుకుని, ఆ చిన్న అరచేతికి అందేలా ముఖం వంచింది.